ఫోన్లో పంపిన డబ్బుకు సాక్షి ఎవరు?

ఒంగోలు

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపించి పాత కాగితాలన్నీ తిరగేశారు గుర్తుందా? అందులోంచి ఒక ప్రోనోటు తీసి చిన్నా అడిగాడు: "తాతయ్యా, దీని మీద ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు కదా. మరి నాన్న ఫోన్‌పేలో పంపే డబ్బుకి సాక్షి ఎవరు?" ఇంటి నిండా చుట్టాలు, సరిగ్గా చెప్పలేకపోయాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముప్పై నాలుగేళ్లు వకీలు గుమాస్తాగా కోర్టు చుట్టూ తిరిగినవాణ్ణి, దానికి జవాబు చెప్పకుండా ఎలా ఉంటాను?

ముందు ఆ నోటు సంగతి. పైన ఊరు, తేదీ. తర్వాత, "నా కుటుంబ ఖర్చుల నిమిత్తం ఈ రోజు మీ వద్ద అప్పుగా పుచ్చుకున్న రొక్కం అక్షరాలా పదివేల రూపాయలు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీతో, మీరు కోరినప్పుడు మీకు గాని, మీ ఆర్డరు పొందినవారికి గాని చెల్లించగలవాడను." కింద రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, పక్కన సాక్షులు, చివర రాసినవాడి దస్తూరి. మన వైపు పొగాకు రైతు బ్యారన్‌కి, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదికి, కట్టెలు కొనాలన్నా, కూలీలకు ఇవ్వాలన్నా ఈ కాగితమే దిక్కు. దీనికి బలం ఇచ్చింది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆ నోటుకి ఆయుష్షు మూడేళ్లు. ఈలోపు అప్పు తీసుకున్నవాడు ఎంతో కొంత కట్టి, నోటు వెనక "చెల్లు" రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. రాయకపోతే కాలదోషం పట్టినట్టే, అంటే ఇక ఆ నోటు మీద కోర్టులో దావా చెల్లదు.

ఒకసారి టంగుటూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయాడు. ఆయన ఇచ్చిన అప్పు తాలూకు నోటు కొంగున కట్టుకుని తెచ్చింది. విప్పి చూశాను. తేదీ లెక్కేశాను. మూడేళ్లు దాటి నాలుగు రోజులు. వెనక్కి తిప్పాను, ఖాళీగా ఉంది. "వడ్డీ ఏటా ఇస్తానే ఉన్నాడయ్యా" అంది ఆవిడ. ఇస్తూనే ఉన్నాడేమో, కానీ ఒక్క అక్షరం రాయలేదు. వకీలుగారు నోటు చూసి ఏమీ అనకుండా తిరిగి నా చేతికిచ్చారు. ఆవిడకి ఆ మాట చెప్పాల్సింది నేనే. నాలుగు రోజులమ్మా, అన్నాను. ఆవిడ మళ్లీ కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. చట్టం అనగానే నాకు ఇప్పటికీ ఆ ఖాళీ వెనకవైపే కళ్ల ముందుంటుంది.

సరే, కాలం మారితే చట్టం ఏం చేస్తుంది? ఈ ఉత్తరంతోనే చెబుతాను. బుజ్జీ, "మీ సైకిలు రెండు వేలకు కొంటాను తాతయ్యా" అని నువ్వు ఉత్తరం రాశావనుకో. నేను "సరే" అని రాసి పోస్టు డబ్బాలో వేసిన క్షణమే నువ్వు ఆ బేరానికి కట్టుబడిపోతావు, నా ఉత్తరం ఇంకా నీకు అందకపోయినా సరే. ఇది 1872 కాంట్రాక్టు చట్టం. అప్పటికి టెలిఫోను పుట్టనే లేదు. తర్వాత పశువులకు పెట్టే పత్తి చెక్క బేరం ఒకటి ఫోన్లో కుదిరి, అహ్మదాబాద్‌లో కుదిరినట్టా, ఖామ్‌గావ్‌లో కుదిరినట్టా అనే తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫోన్లో "సరే" అన్న మాట ఎక్కడ వినపడిందో అక్కడే బేరం కుదిరినట్టని 1965లో తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఒకరు, జస్టిస్ హిదాయతుల్లా, ఒప్పుకోలేదు. చట్టంలో రాసిన మాటల్ని బట్టే చూస్తే ఉత్తరానికున్న సూత్రమే ఫోనుకూ పడుతుందన్నారు. కొత్త వస్తువు వచ్చిన ప్రతిసారీ జరిగేది ఇదే. పాత మాట ఎంతవరకు సాగుతుందో లాగి చూస్తారు, సాగనప్పుడు కొత్తది రాస్తారు.

2000లో ఐటీ చట్టం, అంటే సమాచార సాంకేతిక చట్టం, వచ్చి, కంప్యూటర్లో ఉన్న రికార్డు కూడా కాగితంతో సమానమంది. కానీ ప్రోనోటును మాత్రం బయటే ఉంచింది. 2022లో ఆ తలుపు కొంచెం తెరిచారు. రిజర్వు బ్యాంకు లాంటి సంస్థల అదుపులో ఉండే బ్యాంకులకూ ఫైనాన్సు కంపెనీలకూ రాసిచ్చే డిమాండు నోటు, అంటే అడిగినప్పుడు చెల్లిస్తానని రాసే ప్రోనోటు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉండొచ్చన్నారు. మనలాంటి ఇద్దరు మనుషులు చేబదులు కోసం రాసుకునే నోటుకి ఇంకా కాగితమూ స్టాంపూ కావాల్సిందే.

ఇప్పుడు చిన్నా, నీ ప్రశ్న. నాన్న పంపిన డబ్బుకు సాక్షులు రెండు బ్యాంకుల ఖాతా పుస్తకాలు. నాన్న బ్యాంకులో పోయినట్టు, అవతలి బ్యాంకులో వచ్చినట్టు, మధ్యలో యూపీఐ నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర రెంటినీ కలిపే పన్నెండు అంకెల నంబరు. బ్యాంకు లెడ్జరు నకలు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుందని 1891లోనే చట్టం చేశారు. 2000లో దానికే ఫ్లాపీ, టేపు లాంటి మాటలు చేర్చారు. ఈ సాక్షులు ముసలివాళ్లు కారు, ఎదురు తిరగరు. నోటు మీది సాక్షుల్లో అలా ఎదురు తిరిగినవాళ్లని నేను చాలామందిని చూశాను.

కానీ ఈ సాక్షులకి ఒక లోటుంది. డబ్బు వెళ్లిందని చెబుతాయి గానీ ఎందుకు వెళ్లిందో చెప్పవు. అప్పా, కానుకా, కొన్న వస్తువు ఖరీదా? ప్రోనోటులో ఉండేది ఆ మాటే. "తిరిగి చెల్లించగలవాడను" అన్న ఒక్క మాట ఫోన్లో ఎక్కడా లేదు. అందుకే రేపు మీరు స్నేహితులకి డబ్బు పంపాల్సి వస్తే, పంపేచోట చిన్న గడి ఉంటుంది చూడండి, అందులో "చేబదులు" అని రాయండి. అవతలివాళ్లు ఇచ్చిన జవాబు మెసేజి చెరపకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, ఇలాంటి రికార్డు నకలుతో పాటు నిర్ణీత పద్ధతిలో సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. ఉత్త స్క్రీన్‌షాట్ చూపించి పని అయిపోయిందనుకోకూడదు.

గడువు సంగతి ఇంకా ముఖ్యం. నోటుకి మూడేళ్లు టైమిచ్చిన చట్టం, ఫోను దగ్గరికొచ్చేసరికి రోజుల్లోకి దిగింది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఎవడో ఖాతాలోంచి డబ్బు లాగితే, బ్యాంకు నుంచి మెసేజి వచ్చాక మూడు పనిదినాల్లోపు చెబితే మనకు పైసా నష్టం ఉండకూడదని 2017లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. తప్పు మనదని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకు మీదే వేసింది. అదే మనమే ఓటీపీ చెప్పేస్తే, బ్యాంకుకు తెలిపేదాకా పోయింది మన లెక్క. తెలిపాక పోయింది బ్యాంకు లెక్క. మోసం అని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయాలి. దొంగ ఆ డబ్బును ఖాతా నుంచి ఖాతాకు మార్చేలోపు ఎక్కడో ఒకచోట ఆపగలిగితేనే అది దక్కుతుంది. పోయిన ఏడాది మన వీధిలో ఒక పెద్దాయన "కరెంటు కట్ చేస్తాం" అనే మెసేజి నమ్మి డబ్బు పోగొట్టుకున్నాడు. పరువు పోతుందని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాకు కోపం రాలేదు, దుఃఖం వచ్చింది. మళ్లీ అదే ఖాళీ వెనకవైపు.

చట్టం ఆలస్యంగా వస్తుందన్న మాట నిజమే. లోన్ యాప్‌ల వేధింపులకి మన రెండు రాష్ట్రాల్లోనూ కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో గాని రిజర్వు బ్యాంకు నిబంధనలు రాలేదు. అప్పు ఇచ్చే సంస్థ ఖాతాలోంచే నేరుగా మన ఖాతాలోకి డబ్బు రావాలి, ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత పడుతుందో ముందే కాగితంలో చూపాలి, ఫోన్లోని కాంటాక్టులు యాప్ ముట్టుకోకూడదు. ఇంత మామూలు మాట రాయడానికి అంతకాలం ఎందుకు పట్టిందని నేను ఇప్పటికీ బాధపడతాను.

బుజ్జీ, నువ్వు ఆన్‌లైన్లో కొన్న చెప్పులు చినిగి వచ్చాయని ఏడ్చావట. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా సరే, నువ్వు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. 1986 చట్టంలో ఈ వీలు లేదు. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. బిల్లూ, పెట్టె మీది చీటీ పారేయకు.

నాన్నని తన బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు, 1930, రెండూ పెద్దక్షరాలతో ఒక అట్ట మీద రాయించమనండి. వేసవి సెలవులకి వచ్చేటప్పుడు తీసుకురండి. ఇక్కడ నాయనమ్మ కాలెండరు పక్కన మేకు కొట్టి ఉంచాను.

మీ తాతయ్య