పాత ఇంగ్లిష్ మాటలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతాను. ఈ మధ్య ఏ కొత్త బ్యాచ్ మొదలైనా ఎవరో ఒకరు ఫోన్‌లో రీల్ చూపించి, "మేడం, ఈ మాటలు అంటే నవ్వుతారట కదా?" అని అడుగుతున్నారు. ఆ వరుసలో 'డూ ద నీడ్‌ఫుల్' (అవసరమైనది చేయండి), 'అవుట్ ఆఫ్ స్టేషన్' (ఊళ్లో లేరు) తప్పకుండా ఉంటాయి.

అపోహ: ఇవి మనవాళ్లు పుట్టించిన తప్పుడు ఇంగ్లిష్.

వాస్తవం: 'డూ ద నీడ్‌ఫుల్' ఇంగ్లండ్ వాళ్లు తమ ఉత్తరాల్లో తామే రాసుకున్న మాట. అక్కడ 20వ శతాబ్దంలో వాడుక తగ్గింది, మన ఆఫీసుల్లో నిలిచిపోయింది. 'అవుట్ ఆఫ్ స్టేషన్'లో స్టేషన్ అంటే రైల్వే స్టేషన్ కాదు, బ్రిటిష్ కాలపు అధికారులు, సైనికులు పోస్టింగ్‌లో ఉండే చోటు. ఈ సంగతి చెప్తే కాజీపేట రైల్వే క్వార్టర్స్ పిల్లలే నమ్మరు. మాట పాతబడింది, అంతే. తప్పు కాదు.

ఈ ఒక్క అపోహ గురించే ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, దీనివల్ల పిల్లలు నోరు మూసుకుంటున్నారు. నర్సంపేట వైపు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఇంటర్వ్యూలో, నాన్న ఊళ్లో లేడని చెప్పడానికి 'అవుట్ ఆఫ్ స్టేషన్' అందట. ఎదురుగా కూర్చున్న ఒకాయన నవ్వాడట. ఆ తర్వాత మూడు వారాలు క్లాసులో ఆమె ఒక్క ఇంగ్లిష్ ముక్క మాట్లాడలేదు. "ఏది అన్నా తప్పే అవుతుందేమోనని టెన్షన్ మేడం" అంది.

వాళ్ల నాన్న లారీ డ్రైవర్. స్పేర్ టైరును ఇంట్లో ఏమంటారని అడిగాను. "స్టెప్నీ" అంది. ఆ పేరు వేల్స్‌లోని లానెల్లి ఊళ్లో ఒక వీధిది. కార్లకు స్పేర్ చక్రం ఇవ్వని రోజుల్లో, 1900ల మొదట్లో, డేవిస్ సోదరులు అక్కడ దాన్ని తయారుచేసి అమ్మారు. బ్రిటన్‌లో ఆ మాట దాదాపు పోయింది, మీ నాన్న నోట్లో బతికే ఉంది అన్నాను. ఆ రోజు ఆమె తన ఊరి గురించి ఐదు నిమిషాలు మాట్లాడింది.

అయితే 'డూ ద నీడ్‌ఫుల్'ను తగ్గించమని నేనూ చెప్తాను, కారణం వేరే. ఏం చేయాలో అది చెప్పదు. 'సోమవారంలోగా నా మార్కుల మెమో పంపండి' అని రాస్తే పని అవుతుంది.

అపోహ: 'ప్రీపోన్' (అనుకున్న తేదీ కంటే ముందుకు జరపడం) డిక్షనరీలో లేదు.

వాస్తవం: ఉంది, ఆక్స్‌ఫర్డ్‌లోనే. విదేశాల వాళ్లకు రాసేటప్పుడు మాత్రం కొత్త తేదీ కూడా రాయండి, కొందరికి ఆ మాట తెలియదు.

అపోహ: బైబిల్‌లో ఉండే 'దౌ' మహా గౌరవమైన మాట.

వాస్తవం: తిరగేసి చూడండి. 'దౌ' మన 'నువ్వు'. 'యు' మొదట 'మీరు', బహువచనం, తర్వాత గౌరవానికీ అదే. మన భజనల్లో దేవుణ్ణి 'నీవు' అంటామే, బైబిల్‌లో 'దౌ' కూడా అలాగే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో, ప్రార్థనల్లో వినీ వినీ ఇప్పుడది గంభీరంగా తోస్తోంది. మనకు నువ్వు, మీరు రెండూ ఉన్నాయి కాబట్టి ఇది ఇంగ్లండ్ పిల్లల కంటే మన పిల్లలకే తొందరగా అర్థమవుతుంది.

అపోహ: దరఖాస్తులో 'ఐ హంబ్లీ బెగ్', 'యువర్స్ ఒబీడియంట్లీ' లేకపోతే పక్కన పడేస్తారు.

వాస్తవం: అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడగండి. కింద 'యువర్స్ సిన్సియర్లీ' చాలు.