పరిగెత్తని ‘రన్’: అనువాదకురాలి బల్ల మీద కొన్ని అపోహలు – వాస్తవాలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం చేయడం నా వృత్తి. మోటారు పంపుల వాడకం పుస్తకాలు, బ్యాంకు కరపత్రాలు, ఆరోగ్య సూచనలు, ఎప్పుడైనా ఒక కథ. ఏ మాటలు కష్టమని అడిగేవాళ్లు నోరు తిరగని లాటిన్ పేర్లు చెబుతానని ఎదురుచూస్తారు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది మాత్రం, ఇంగ్లీషులో మూడే అక్షరాలున్న ‘రన్’.

అపోహ: ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’.

క్విజ్‌లలో ఇప్పటికీ వినిపించే జవాబిది. 1989లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు వచ్చినప్పుడు అది నిజమే. అందులో ‘సెట్’ అనే క్రియకు 430కి పైగా అర్థాలున్నాయి. ఆ తర్వాత నిఘంటువు మొత్తాన్ని సవరిస్తూ రాగా 2011 నాటికి ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగానే 645 అర్థాలు. ఆ ఒక్క మాటను సవరించడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి సుమారు తొమ్మిది నెలలు పట్టింది. ఒక్క వాక్యం దగ్గర పూటంతా గడిచిపోయిన రోజున ఈ సంగతి తలచుకుని ఊరట పొందుతుంటాను.

అయితే ఆ 645ను కొలబద్దతో కొలిచిన లెక్కగా చూడకూడదు. నది పారడం, కుళాయి పారడం ఒకే అర్థమా, రెండా? అది సంపాదకుడి చేతిలోని కత్తెరను బట్టి ఉంటుంది. బడిపిల్లల నిఘంటువులో ఇదే మాట కొన్ని అర్థాలతోనే సరిపెట్టుకుంటుంది.

అపోహ: నిఘంటువులో మొదట ఇచ్చిందే ముఖ్యమైన అర్థం.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో వరుస చరిత్రను బట్టి ఉంటుంది. ముందున్నది పాతది, అంతే. భాష నేర్చుకునేవారి కోసం చేసిన నిఘంటువులు సాధారణంగా వాడుకలో ఎక్కువగా ఉన్నదాన్ని ముందు పెడతాయి. చేతిలో ఉన్నది ఏ రకమో ముందుమాటలో రాసి ఉంటుంది. ఆ పుట ఎవరూ తిప్పరు.

వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ తిప్పలేదు. పంపును డ్రై రన్ చేయకూడదన్న హెచ్చరికను ‘పంపును పొడిగా పరిగెత్తించరాదు’ అని రాశాను. అచ్చుకు వెళ్లేముందు, ఎందుకో అనుమానం వచ్చి, మోటార్లు బాగుచేసే ఒకాయనకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, “బోరులో నీళ్లు లేనప్పుడు మోటారు వేయకూడదని రాయండమ్మా, రైతుకు తెలుస్తుంది” అన్నారు. నీళ్లలో మునిగి ఉండే మోటారును చల్లబరిచేది ఆ నీళ్లే. అవి లేకుండా తిరిగితే వైండింగ్ కాలిపోతుంది. నా వాక్యం నమ్ముకున్న రైతుకు ఆ సంగతి తెలిసేది కాదు.

చాలా ఏళ్ల తర్వాత అదే ‘డ్రై రన్’ ఇంకో వేషంలో వచ్చింది. 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో కొవిడ్ టీకా పంపిణీకి ముందస్తు కసరత్తు నాలుగు రాష్ట్రాల్లో చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అందుకు మన కృష్ణా జిల్లాను ఎంచుకున్నారు. పత్రికలన్నీ ‘డ్రై రన్’ అనే రాశాయి. పేర్ల నమోదు ఉంటుంది, వరుస ఉంటుంది, టీకా ఒక్కటే ఉండదు. మోటారుకు చేయకూడనిది టీకాకు చేసి తీరవలసి వచ్చింది. ఒకచోట నీళ్లు లేవు, ఇంకోచోట మందు లేదు. ‘డ్రై’ అన్నది ఆ లేమినే.

అపోహ: ‘రన్’ అంటే మూలంలో పరుగే కాబట్టి, తెలుగులో పరుగుతో నెట్టుకురావచ్చు.

ఏరు పారుతుంది. ముక్కు కారుతుంది. చీర రంగు దిగుతుంది. బస్సు అరగంటకొకటి తిరుగుతుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. ఇంగ్లీషులో వీటన్నిటికీ రన్ చాలు, వెనక ఒక చిన్న మాట తగిలిస్తే సరి. తెలుగులో మాత్రం దేని క్రియ దానిదే. పరుగు చక్కగా అమరేది క్రికెట్‌లో. అక్కడా బంతి బౌండరీ దాటితే పరిగెత్తకుండానే నాలుగు పరుగులు వస్తాయి.

అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో ‘రన్’ చేస్తాడు. బ్రిటన్‌లో ‘స్టాండ్’ చేస్తాడు. మనవాడు నిలబడతాడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది యంత్రాల సంగతి. గడియారాలు, మిల్లులు, రైళ్లు, చివరికి కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చిన కొద్దీ ఇంగ్లీషువాళ్లు వాటన్నిటినీ పరిగెత్తించారు. ‘రన్’ ఇంతగా పెరగడంలో యంత్రాల వాటా పెద్దది. మనం ఆ పనిని నడకకు, ఆటకు పంచాం. బడి నడుస్తుంది, కేసు నడుస్తుంది, బండిని నడుపుతాం. గానుగ ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది. ఫ్రెంచివాళ్ల యంత్రం కూడా నడిచేదే. ప్రోగ్రామును మాత్రం అందరూ ‘రన్ చేయడం’ అనే అంటున్నారు, నేనూ అలాగే ఉంచుతాను. దాన్ని నడిపించడానికి ప్రయత్నించి రెండుసార్లు ఓడిపోయాను.

అపోహ: అర్థాలు పెరిగితే అయోమయం పెరుగుతుంది.

పెరగదు. పక్కన ముక్కు ఉంటే కారుతోందని, బ్యాంకు ఉంటే డిపాజిటర్లు డబ్బు కోసం ఎగబడ్డారని వినేవాడికి తెలిసిపోతుంది. పక్కమాటను చూడకుండా అనువదించేవాళ్లకే అయోమయం.

అపోహ: ఈ తలనొప్పి ఇంగ్లీషుతోనే, తెలుగు మాట సూటిగా ఉంటుంది.

‘పట్టు’ను చూడండి. ఇనుముకు తుప్పు పట్టింది. ఒంటికి చెమట పట్టింది. ఊరు చేరడానికి గంట పట్టింది. పాపకు పాలు పట్టారు, ఎండలో గొడుగు పట్టారు, వేసవిలో ఆవకాయ పట్టారు. పట్టుచీరలోని పట్టును మాత్రం ఈ జాబితాలో కలపకూడదు. అది సంస్కృత ‘పట్ట’ నుంచి వచ్చిన వేరే మాట, రూపం కలిసిందంతే. ఇంగ్లీషు ‘సెట్’లోనూ ఇలాంటి కలగలుపు ఉంది. గిన్నెల సెట్‌లోని సెట్‌కు ఒక వేరు ఫ్రెంచి మీదుగా లాటిన్‌లోకి పోతుంది.

మా అన్నయ్య కూతురు అమెరికాలో పుట్టి పెరిగింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, సమయం తేడా వల్ల రెండో రాత్రి కూడా మేలుకునే ఉంది. నిద్ర పట్టలేదా అని అడిగాను.

“ఎవరు ఎవరిని పట్టుకోవాలి అత్తా? నేను నిద్రనా, నిద్ర నన్నా?”

నిద్రే నిన్ను, అన్నాను. “అయితే నా తప్పేమీ లేదు” అని దుప్పటి తీసేసి లేచి కూర్చుంది.