ర్యాకులు కొన్నంత మాత్రాన కార్ షెడ్డు సర్దుకోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నిన్న పొద్దున్నే మళ్లీ అదే ఫోన్. "అన్నా, మా షెడ్డు పది బై పద్దెనిమిది, ఎన్ని ర్యాకులు పడతాయి, మొత్తం ఎంతవుతుంది?" లోపల ఏమేం ఉన్నాయండీ అంటే, "అబ్బో, చాలా ఉన్నాయి, మీరొచ్చి చూడండి" అన్నారు. పన్నెండేళ్లుగా విజయవాడలో ఇళ్లకీ షాపులకీ స్లాటెడ్ యాంగిల్ ర్యాకులు (వరుసగా బెజ్జాలున్న ఇనుప యాంగిళ్లకి అరలు బోల్టులతో బిగించేవి) బిగిస్తున్నాను, వారానికి ఒక్కసారైనా ఈ ఫోన్ వస్తుంది. ర్యాకులు అమ్మితేనే నాకు నాలుగు డబ్బులు, అయినా చెప్తున్నాను, ముందే కొనకండి.

అపోహ: ర్యాకులు, డబ్బాలు తెచ్చి పెడితే సామాను దానంతటదే సర్దుకుంటుంది.

జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. గుణదలలో ఒకాయన నన్ను పిలిచేలోపే 18 వేలు పెట్టి నాలుగు ర్యాకులు, 18 అంగుళాల వెడల్పువి, తెచ్చేశారు. పైగా మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు ఓ డజను. నేలమీదున్న సామానంతా అలాగే ఎత్తి ర్యాకుల్లోకి తోశారు. పగిలిన కూలర్, సగం గట్టిపడిన సిమెంటు బస్తా, ఎప్పుడో తీసేసిన బాత్రూం కుళాయిలు, అన్నీ. చెత్త చెత్తగానే ఉంది, నేలమీద నుంచి ర్యాకు ఎక్కింది, అంతే. కారేమో బయట రోడ్డు మీద ఉంది. రెండు రోజులు కూర్చుని ఏరితే ఉంచుకోవలసిన సామానుకి ఒక ర్యాకు నిండింది, రెండోది సగమైంది. మిగతా రెండూ తిరిగి అమ్మబోతే సగం ధర కూడా రాలేదు.

మొదటి పని ఖర్చు లేనిది. ఒక ఆదివారం పొద్దున షెడ్డులో ఉన్నదంతా బయట వాకిట్లో పెట్టండి. "కొంచెం కొంచెంగా సర్దుతాను" అంటే తెమలదు, ఈ మూలది ఆ మూలకి చేరుతుంది, అంతే. మూడు కుప్పలు చేయండి: ఉంచేవి, ఎవరికైనా ఇచ్చేవి లేదా పాత సామాన్ల బండికి వేసేవి, తేల్చుకోలేనివి. ఆ తేల్చుకోలేనివన్నీ ఒక్క డబ్బాలో పెట్టి పైన తేదీ రాయండి. ఆరు నెలలు ఆ డబ్బా మూత తీసే పని పడకపోతే ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఖాళీ షెడ్డులో కారు పెట్టి తలుపులు తెరిచి, తలుపులు వచ్చినంత మేరా సుద్దముక్కతోనో ముగ్గుపిండితోనో నేలమీద గీత గీయండి. ఆ గీత బయట మిగిలిందే మీ చోటు. లెక్క చూడండి. పది అడుగులంటే 120 అంగుళాలు. స్విఫ్ట్ లాంటి కారు వెడల్పు అద్దాలు కాకుండానే 68 అంగుళాల పైన. మిగిలేది 52 లోపే. డ్రైవర్ దిగడానికి ఒక 30 వదిలితే మిగిలింది 22. అక్కడ 18 అంగుళాల ర్యాకు పెట్టారనుకోండి, ఇంకా నాలుగే అంగుళాలు, అద్దం ర్యాకుకి గీసుకుంటుంది. అందుకే పక్కగోడకి 12 అంగుళాల ర్యాకు దాటనివ్వను. షెడ్డు పొడవు 18 అడుగులు, కారు 13 అడుగుల లోపు, అంటే బానెట్ ముందు ఐదడుగులు ఊరికే పడుంది. వెడల్పు ర్యాకు పెట్టాలంటే ఆ ఎదుటి గోడకే పెట్టాలి. చాలా ఇళ్లకి అది ఒక్కటే సరిపోతుంది.

అపోహ: పారేయలేని వాళ్ల షెడ్డు ఎప్పటికీ బాగుపడదు.

ఇలా అనేవాళ్లని చూస్తే బాధేస్తుంది. పటమటలో ఒక పెద్దావిడ, భర్త పోయి మూడేళ్లు, ఆయన రెంచీల పెట్టె దగ్గరికి రాగానే చేతులాడలేదు. "బాబూ, ఇది మాత్రం నన్నడక్కు" అన్నారు. అడగలేదు. మా నాన్న వడ్రంగి. ఆయన బాడిస, చిత్రిక, రెండు ఉలులు ఇప్పటికీ మా షెడ్డులో తలుపు తీయగానే కనిపించే అరలో ఉన్నాయి, నెలకోసారి నూనె రాస్తాను. వాటికీ ఒక అర ఉండాలి. ఆవిడకి పై అర మొత్తం ఆయన సామానుకే కేటాయించాం. అది కుదిరాక మిగతావన్నీ ఆవిడే చకచకా తేల్చేశారు, పాత పేపర్లు, తుప్పు పట్టిన స్టాండ్లు, ఒక్కదానికీ తడుముకోలేదు. ఏదీ తీయలేకపోతున్నామని టెన్షన్ పడేవాళ్లు ముందు ఎప్పటికీ వదలలేనివి పక్కన పెట్టుకోండి, పని తేలికవుతుంది.

అపోహ: అట్టపెట్టెలు ఊరికే వస్తాయి, అవి చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నీళ్లు తీశాక సింగ్ నగర్‌లో తెలిసినవాళ్ల ఇల్లు శుభ్రం చేయడానికి వెళ్లాను. అట్టపెట్టెలు పట్టుకుంటే అడుగు ఊడి చేతిలోకి వచ్చేది. వాటిల్లోనే పిల్లల సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. అంత వరదకి నా ర్యాకులూ ఏం చేయలేవు, కానీ మామూలు వానకే షెడ్డులోకి నీళ్లొచ్చే ఇళ్లు మన ఊళ్లో ఎన్ని లేవు! కింది అర నేలకి అడుగు ఎత్తులో పెట్టండి. పెట్టెలకి బదులు పెయింటర్లు వాడేసిన 20 లీటర్ల బకెట్లు మూతలతో సహా చవగ్గా దొరుకుతాయి, కడిగి ఎండబెట్టి, లోపల ఏముందో మార్కర్‌తో పక్కన రాసుకోండి. కాగితాలు మాత్రం షెడ్డులో వద్దు, ఇంట్లో బీరువాలో పెట్టుకోండి.

అపోహ: మూలన కర్పూరం పెడితే చెదలు రావు.

ఇది వాట్సాప్‌లో ఎవరు మొదలుపెట్టారో గానీ విని విని విసుగొచ్చింది. చెదలు మట్టిలోంచి, గోడ వెంట మట్టి గొట్టాలు కట్టుకుని వస్తాయి, కర్పూరం వాసనకి ఆగవు. చెక్కా అట్టా నేలకి తగలనీయకండి, ర్యాకుకీ గోడకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు వదలండి. మట్టి గీత కనబడగానే మందు కొట్టించుకోవచ్చు. సందు లేకపోతే వెనక ఏం జరుగుతోందో మీకు తెలియనే తెలియదు.

గేజ్, అంటే రేకు ఎంత మందమో చెప్పే నెంబరు, దాని సంగతి కూడా. నెంబరు పెద్దదైతే రేకు మందం అనుకుంటారు, ఉల్టా. 14 గేజ్ అంటే రెండు మిల్లీమీటర్లు, 18 గేజ్ అంటే 1.2 మాత్రమే. నిలువు యాంగిల్ 14 తీసుకోండి, అరలు 20 చాలు, ఆటోనగర్‌లో బేరం చేసేటప్పుడు ఇది గుర్తుంటే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు. పాత ఇన్వర్టర్ బ్యాటరీ దాచుకోకండి, కొత్తది కొనేటప్పుడు షాపువాళ్లు తీసుకుని ధర తగ్గిస్తారు.

నీళ్ల సీసాలో పెట్రోలు మాత్రం వద్దు, దయచేసి. మూత గట్టిగా ఉంది కదా అంటారు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, మూసిన షెడ్డులో నేలబారున పరుచుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా పిల్లలకి అది నీళ్ల సీసాలాగే కనిపిస్తుంది. ఇవాళే తీసి బండిలో పోసేయండి.

ఇక నాకు గానీ ఇంకెవరికైనా గానీ ర్యాకుల కోసం ఫోన్ చేసేటప్పుడు షెడ్డు కొలతలతో పాటు కారు మోడల్, డ్రైవర్ ఏ గోడవైపు దిగుతారు, ఏరాక మిగిలిన సామానులో అన్నిటికన్నా పెద్దదాని పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పండి. అవి తెలిస్తే ఎన్ని కావాలో ఫోన్లోనే చెప్పేయొచ్చు.