జీవోతో వచ్చిన నిబంధన జీవోతోనే పోయింది: హైదరాబాద్ హెరిటేజ్ జాబితా వెనక కథ

ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం సంగతి ఎప్పుడొచ్చినా "అది హెరిటేజ్ బిల్డింగ్ కదా, ఎలా కూలుస్తారు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఏ చట్టం కింద హెరిటేజ్ అని అడిగేవాళ్లు తక్కువ. గొడవంతా అక్కడే ఉంది.

హైదరాబాద్ సంస్థానంలో 1914లోనే పురావస్తు శాఖ పెట్టి పురావస్తు పండితుడు గులాం యాజ్దానీ చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో పాత కట్టడాల రక్షణకు 1960 చట్టం వచ్చింది. దానిలో ఒక మెలిక ఉంది: రక్షిత కట్టడం కావాలంటే కనీసం వందేళ్ల వయసుండాలి. కోటలకు, గుళ్లకు, సమాధులకు ఇబ్బంది లేదు గానీ 1925లో తెరిచిన ఉస్మానియా, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ లాంటివి అప్పట్లో ఆ లెక్కలోకి వచ్చేవి కావు.

ఆ ఖాళీ పూడ్చడానికే 1995లో హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనల్లో, జీవోతో 13వ నిబంధన తెచ్చారు, 1998లో 137 భవనాలతో జాబితా ఇచ్చారు. కూల్చాలన్నా మార్చాలన్నా హెరిటేజ్ కమిటీ చూసి సరేననాలి. భవనాలే కాదు, నగరంలోని కొన్ని బండరాళ్ల గుట్టల్ని కూడా చేర్చారు, అది మాత్రం మెచ్చుకోవాల్సిన ఆలోచన.

కానీ కూల్చొద్దని చెప్పే నిబంధన బాగు చేసిపెట్టదు కదా. పాత హవేలీలున్న కుటుంబాలకు జాబితాలో పేరుండటమే ఒక టెన్షన్, స్థలం రేటు ఆకాశంలో ఉంటుంది, అమ్మడానికి చేతులు కట్టేసినట్టుంటుంది, చేతికి సాయం పెద్దగా అందదు. ప్రభుత్వ భవనాల సంగతీ అంతంతమాత్రమే. డంగు సున్నం గోడకు చవగ్గా అవుతుందని సిమెంటు పూస్తారు, లోపలి తేమ బయటికి రాక నాలుగు వానలకే పెచ్చులూడుతుంది, ఆ పగుళ్లలో రావి మొక్క మొలుస్తుంది, వేళ్లు గోడలోకి దిగాక ఇంజనీరు వచ్చి "శిథిలావస్థ" అని రాస్తాడు.

2015లో ఉస్మానియా పాత భవనం కూల్చి కొత్త టవర్లు కడతామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు, నిరసనలు గట్టిగా వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో జీవో ఇచ్చి 13వ నిబంధననే తీసేశారు. శాసనసభ చేసిన చట్టమైతే మళ్లీ సభకు వెళ్లాలి, దీనికి సంతకం చాలు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది గానీ పాత జాబితాలోని భవనాల గతేమిటన్న వాదన ఆగలేదు.

అది తేలింది ఇర్రంమంజిల్ దగ్గర. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన ఆ ప్యాలెస్‌లో ఇంజనీర్ల ఆఫీసులు నడిచేవి. అక్కడ కొత్త అసెంబ్లీ కడతామని 2019 జూన్‌లో శంకుస్థాపన చేశారు. సెప్టెంబరులో హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది, నిబంధన తీసేసినంత మాత్రాన ఆ భవనానికున్న రక్షణ పోలేదని, హెచ్ఎండీఏ (హుడా స్థానంలో వచ్చిన సంస్థ) చట్టం చెప్పిన పద్ధతి దాటి కూల్చడం కుదరదని తేల్చింది. కాపాడాల్సిన ప్రభుత్వమే ప్రతివాది అన్నమాట.

విచిత్రమేమిటంటే సరిగ్గా అవే ఏళ్లలో అదే ప్రభుత్వం మొజంజాహీ మార్కెట్‌ను చక్కగా బాగుచేసింది. దుకాణాల ముందు వేలాడే రేకులు, బోర్డులు, వైర్లు తీయించి రాతి గోడల మసి వదిలించి 2020 ఆగస్టులో తెరిచారు. నా లెక్కలో ఇది చట్టం చేసిన పని కాదు, అధికారులు పట్టుబట్టి చేయించిన పని, రేపు వాళ్లు మారితే ఏమిటన్నది వేరే సంగతి.

ఉస్మానియాకు ఆ యోగం పట్టలేదు. 2020 జులై వానలకు వార్డుల్లోకి నీళ్లొచ్చాయి, రోగుల్ని తరలించి పాత భవనానికి తాళం వేశారు. 2025 జనవరిలో కొత్త ఆస్పత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది కాబట్టి, స్థలం కోసం పాతదాన్ని కూల్చాలన్న వాదనకైతే ఇప్పుడు బలం లేదు.