బడిలో వేస్తే మాటలు అవే వస్తాయా? మాట ఆలస్యమైన పిల్లల గురించి అపోహలు – వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే మా క్లినిక్‌లో ఒకటే ప్రశ్న. "జూన్‌లో బాబుని స్కూల్లో వేసేయమంటారా మేడం, ఇంకో ఏడాది ఆగమంటారా?" మద్దిలపాలెం నుంచి నడిచొచ్చినవాళ్లూ అదే అడుగుతారు, గాజువాక నుంచి బస్సు మారి వచ్చినవాళ్లూ అదే అడుగుతారు. పిల్లాడికి రెండున్నరో మూడో ఉంటాయి. పది పదిహేను మాటలుంటాయి, ఒక్కోసారి అవీ ఉండవు. ఇంట్లో నాయనమ్మది ఒక మాట, మేనత్తది ఇంకో మాట. నేను ఏదో ఒకటి తేల్చి చెబితే చాలన్నట్టు చూస్తారు.

పద్నాలుగేళ్లుగా విశాఖలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. 'వేయాలా, వద్దా' అన్నది సగం ప్రశ్నే. ఏ గదిలో, ఎంతమంది మధ్య, ఎలాంటి టీచర్ దగ్గర అన్నది మిగతా సగం. ఆ రెండో సగం ఎవరూ అడగరు. ఎందుకు అడగరో కింది మాటలు వింటే తెలుస్తుంది.

అపోహ: "నలుగురు పిల్లల్లో పడితే మాటలు అవే వచ్చేస్తాయి"

అందరికంటే ఎక్కువగా వినేది ఇదే. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే దీనితో చిక్కు.

వాస్తవం: నలుగురిలో పడటం వేరు, పాతికమందిలో పడటం వేరు. పిల్లాడు ఒక వస్తువును చూస్తాడు. పక్కనున్న పెద్దవాళ్లు కూడా దాన్నే చూసి పేరు చెబుతారు. వాడు ఏదో శబ్దం చేస్తాడు, వీళ్లు ఆగి విని బదులిస్తారు. మాట పుట్టేది ఇక్కడే. ఈ ఇచ్చిపుచ్చుకోవడం రోజుకి ఎన్నిసార్లు జరిగిందన్నదే లెక్క. మూడేళ్ల పిల్లలు ఇంకో మూడేళ్ల పిల్లాడు మాట వెతుక్కునేదాకా ఆగరు, బొమ్మ లాక్కుని పోతారు. కాబట్టి ఆ ఆగే పని టీచర్‌దే. ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇరవైమంది పిల్లలకు ఒక టీచర్, ఒక ఆయా ఉండాలనీ, మూడేళ్లు నిండనివాళ్లను చేర్చుకోకూడదనీ ఉంది. ఎంతవరకు పాటిస్తున్నారో మీరు చూడబోయే స్కూల్లో మీరే లెక్కపెట్టుకోండి.

ఈ విషయంలో నేనూ ఒకసారి తప్పు చేశాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, పన్నెండు మాటలున్న ఒక బాబుని ఇంటి దగ్గర్లో ఉన్న ప్లే స్కూల్లో వేయమని చెప్పాను. ఆ స్కూలు ఎలా ఉందో చూడలేదు, అడగలేదు. ఆర్నెల్లయ్యాక వాళ్లమ్మ వచ్చింది. "క్లాసులో అందరికంటే బుద్ధిమంతుడట మేడం" అంది, కొంచెం గర్వంగానే. బుద్ధిమంతుడంటే ఏమిటో తర్వాత వెళ్లి చూశాను. రైమ్స్ స్పీకర్‌లో మోగుతున్నాయి. పిల్లలంతా చేతులు ఊపుతున్నారు, వీడూ ఊపుతున్నాడు. నోరు తెరవాల్సిన అవసరమే లేదు. గోల చేసేవాళ్లను సముదాయించడానికే టీచర్‌కి పొద్దు సరిపోతుంటే, గోల చేయనివాడి దగ్గరికి ఎందుకొస్తుంది? పన్నెండు మాటలూ పన్నెండుగానే ఉన్నాయి.

అప్పటి నుంచి అమ్మానాన్నలకు ఒకటే చెబుతున్నాను. ఫీజు మాట్లాడే ఆఫీసు గది చూసి నిర్ణయించుకోకండి. పదిన్నరకి, పిల్లలు స్నాక్స్ తినే వేళ వెళ్లనివ్వమని అడగండి. డబ్బా మూత రాని పిల్లాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు, వాణ్ణే చూడండి. ఆయా చకచకా తీసి ముందు పెట్టేస్తోందా? లేక కింద కూర్చుని "ఏం కావాలి నాన్నా, తీయనా?" అని వాడి మొహంలోకి చూస్తూ ఒక్క క్షణం ఆగుతోందా? మీరు ఫీజు కట్టేది ఆ ఒక్క క్షణానికి. గోడల మీది కార్టూన్ బొమ్మలకూ ఏసీకీ కాదు.

మరి స్కూలు వల్ల ఎవరికి లాభం? మాట రాకపోయినా చెప్పింది అర్థమయ్యేవాడికి. "చెప్పులు తీసుకురా" అంటే, మీరు చేత్తో చూపించకపోయినా తెచ్చేవాడికి. ఎదుటివాళ్లను చూసి అనుకరించేవాడికి, తోటి పిల్లల వైపు తనంత తానే వెళ్లేవాడికి. ఇలాంటి పిల్లలకు చిన్న క్లాసు, ఓపికున్న టీచర్ దొరికితే కొన్ని నెలల్లోనే తేడా తెలుస్తుంది. అర్థం చేసుకోవడమే తక్కువగా ఉన్నవాడికి, పిలిస్తే చూడనివాడికి ముందు ఒకరితో ఒకరు కూర్చుని చేసే థెరపీ కావాలి. బడి దానికి తోడుగా వస్తుంది, దాని స్థానంలోకి రాదు. జూన్ రాగానే "స్కూల్లో వేశాం కదా మేడం" అని థెరపీ మానేసేవాళ్లను చూస్తే నాకు నిజంగానే టెన్షన్.

అపోహ: "మాటలు వచ్చాకే బడి"

ఇది దానికి పూర్తిగా తిరగబడ్డ మాట. పిల్లలు వెక్కిరిస్తారని, టాయిలెట్‌కి చెప్పలేడని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది.

వాస్తవం: టాయిలెట్‌కి చెప్పడానికి మాటే అక్కర్లేదు. ఒక సైగ చాలు, లేదా మెడలో వేలాడే చిన్న బొమ్మ కార్డు చాలు. సైగలు నేర్పితే నోరు పెగలదని కొందరు అంటారు. అలా జరగదు. తన మనసులోది ఎదుటివాళ్లకు తెలిసిందన్న ధైర్యం వచ్చిన పిల్లాడే ఎక్కువ ప్రయత్నిస్తాడు. ఇక, మాటలు రావాలని ఇంట్లో ఉంచిన ఏడాదంతా పిల్లాడు ఏం చేస్తున్నాడో చూడాలి. ఫోన్‌లో రైమ్స్ చూస్తూ గడిపితే అది ఆగడమూ కాదు, నేర్చుకోవడమూ కాదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

అపోహ: "మగపిల్లలకి లేటే, వాళ్ల నాన్నకీ అంతే"

"మావోడికీ నాలుగేళ్లకే మాటొచ్చిందమ్మా, ఇప్పుడు ఆపమంటే ఆపడు" అని నాయనమ్మలు నన్నే ఓదారుస్తారు. వాళ్ల మీద నాకు గౌరవమే.

వాస్తవం: ఆడపిల్లలకూ మగపిల్లలకూ మాటల్లో ఉండే తేడా నెలల్లోనే ఉంటుంది, ఏళ్లలో కాదు. పైగా తండ్రికి ఆలస్యంగా వచ్చిందన్న సంగతి మాకు ధైర్యమిచ్చే మాట కాదు, ఇంకాస్త జాగ్రత్తగా చూడమని చెప్పే మాట. కుటుంబంలో ఉంటే పిల్లాడికీ ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. రెండేళ్లకు మాటలు తక్కువున్న పిల్లల్లో చాలామంది తర్వాత తోటివాళ్లను అందుకుంటారు, నిజమే. కానీ అందుకునేవాడెవడో అందుకోలేనివాడెవడో రెండేళ్లప్పుడు ముందుగా చెప్పలేం. రెండేళ్లకు రెండు మాటలు కలిపి "అమ్మ దా", "పాలు కావాలి" అనకపోతే చూపించండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసులోనైనా ఆ వారమే చూపించండి.

అపోహ: "సెల్‌లో పాట వినగానే పరిగెత్తుకొస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి"

వాస్తవం: పాట వినపడటం, మాట స్పష్టంగా వినపడటం ఒకటి కాదు. కొందరికి బరువైన శబ్దాలు వినపడి స, శ లాంటి సన్నని శబ్దాలు జారిపోతాయి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక ద్రవం నిలిచి వినికిడి ఒక వారం బాగుండి ఇంకో వారం తగ్గుతుంది. ఇంట్లో ఒడిలో కూర్చుని వినే పిల్లాడు, ఫ్యాన్లు తిరిగే గదిలో ఇరవైమంది గోల మధ్య టీచర్ మాట పట్టుకోలేడు. "చెప్పిన మాట వినడు" అని స్కూల్లో పేరు పడుతుంది. అందుకే అడ్మిషన్ ఫారం కంటే ముందు వినికిడి పరీక్ష. ముందు ఓఏఈ, అంటే శబ్దానికి లోపలి చెవి స్పందిస్తోందా అని చూసే పరీక్ష. అవసరమైతే బెరా, అంటే ఆ శబ్దం నరం ద్వారా మెదడుకు చేరుతోందా అని చూసేది. నొప్పి ఉండదు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో ముందుగా కనుక్కోండి.

నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయన్నదీ, వస అరగదీసి నాకిస్తే వసపిట్టలా మాట్లాడతాడన్నదీ ఇక్కడే తీసేద్దాం. నాలుక అంటుకుని ఉంటే కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చు. అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు. వస వల్ల మాటలు రావు, చంటిపిల్లలకి అది మంచిది కూడా కాదు.

అపోహ: "రెండు భాషలతో తికమకపడుతున్నాడు, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడదాం"

విశాఖలో ఇది మరీ ఎక్కువ. నేవీ క్వార్టర్లలో హిందీ, ఉక్కునగరంలో అన్ని భాషలూ, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో ఒడియా. దానికి తోడు స్కూలు ఇంటర్వ్యూ భయం.

వాస్తవం: రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఆలస్యం ఉంటే రెండింటిలోనూ ఉంటుంది. ఒకటి తీసేస్తే రెండోది పెరగదు. తీసేసేది అమ్మ భాషే అయితే నష్టం ఎక్కువ. నాకు కనపడేది ఏమిటంటే, ఇంట్లో సహజంగా గలగలా మాట్లాడే తల్లి, ఇంగ్లిష్‌లో చెప్పాలనేసరికి "వాట్ ఈజ్ దిస్?" దగ్గర ఆగిపోతుంది. పిల్లాడు కూడా అంతే నేర్చుకుంటాడు. ఆపిల్, బాల్, రెడ్, బ్లూ, వన్ నుంచి టెన్ దాకా అప్పజెబుతాడు. దాహమేస్తే మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. "వాడికి యాభై మాటలొచ్చు మేడం" అంటారు. వాటిలో వాడి అవసరానికి వాడుకునేవి ఎన్ని? 'ఇవ్వు', 'దా', 'వద్దు', 'ఇంకా' – ఈ నాలుగు తెలుగు మాటలు, మొత్తం ఏబీసీడీ కంటే వాణ్ణి స్కూల్లో ఎక్కువ ఆదుకుంటాయి.

అంగన్‌వాడీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది డబ్బు లేనివాళ్లకే అనుకుంటారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఇంటి పక్కనే, తెలుగులోనే ఆటపాటలు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అక్కడికి ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను చూడాలి. ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. పన్నెండు మంది పిల్లలున్న మంచి అంగన్‌వాడీ, ముప్పైమందిని కుక్కిన ఖరీదైన ప్లే స్కూలు కంటే మేలని నా అభిప్రాయం. అన్ని అంగన్‌వాడీలూ ఒకేలా ఉండవు. వెళ్లి చూసుకోవాలి.

అపోహ: "ఒక ఏడాది వెనకపడిపోతాడు"

వాస్తవం: 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతి ఆరేళ్లకి. అంతకుముందు మూడేళ్లూ ఆటలతో నేర్చుకునే కాలం. మూడేళ్లకి బదులు నాలుగేళ్లకి చేర్చినా పోయేదేమీ లేదు, ఆ ఏడాది ఖాళీగా పోనంతవరకు.

అపోహ: "స్కూల్లో చెబితే సీటు ఇవ్వరు, దాచేద్దాం"

వాస్తవం: దాచినా మొదటి వారంలోనే తెలిసిపోతుంది. అప్పటికి టీచర్ దృష్టిలో వాడు "మొండివాడు" అయిపోతాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాటా భాషా వైకల్యం ఒకటి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకునేలా చూడాలని ఆ చట్టం చెబుతుంది. కానీ మాట ఆలస్యమైన పిల్లలందరూ వైకల్యం కిందికి రారు, సందుకొకటి వెలిసిన ప్లే స్కూళ్లలో చాలావాటికి గుర్తింపే ఉండదు. కాబట్టి చట్టం పేరు చెప్పి సీటు తెచ్చుకోవడం కంటే, చెప్పినప్పుడు మొహం చిట్లించని స్కూలు వెతుక్కోవడం నయం. మొహం చిట్లించారా, మీకు జవాబు దొరికినట్టే. డబ్బు కట్టకముందే దొరికింది.

టీచర్‌కి ఒక అరపేజీ రాసివ్వండి, తెలుగులోనే. రిపోర్టుల కట్ట వద్దు, ఎవరూ చదవరు. "నీళ్లు కావాలంటే 'బూ' అంటాడు. టాయిలెట్ వస్తే నిక్కరు పట్టుకుంటాడు. ఏడిస్తే వీపు మీద నిమిరితే తగ్గుతాడు. ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి, అప్పుడు పలుకుతాడు." ఇంతే. నా దగ్గరికి వచ్చే ఒక తల్లి ఆ కాగితాన్ని ఆయాకి చదివి వినిపించింది. ఆయాకి చదువు రాదు, కానీ పిల్లాడి దగ్గర ఎక్కువసేపు ఉండేది ఆమే. ఆ తెలివి నాకు తట్టలేదు, ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

చేర్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు చూడండి. మొదటి పది రోజుల ఏడుపు లెక్కలోకి తీసుకోవద్దు. ఇంట్లో ఉన్న మాటలు తగ్గాయా, ఆరిన పక్క మళ్లీ తడుస్తోందా, యూనిఫాం చూడగానే మంచం కింద దూరుతున్నాడా, ఇవి చూడండి. అలా ఉంటే రోజుకి గంటన్నరకి తగ్గించి చూడమని స్కూలును అడగండి. ఒప్పుకోకపోతే మాన్పించండి. ఫీజు వెనక్కి రాదు, తెలుసు.