‘ఈసారి ఎవుడొస్తాడంటారు మాస్టారూ?’: కొత్త మేనేజర్ ఊహాగానాల్లో అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో నా దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకునే కుర్రాళ్లలో సగం మంది మాంచెస్టర్ యునైటెడ్ మనుషులు. మిగతావాళ్లు లివర్‌పూల్, చెల్సీ, ఆర్సెనల్‌గా చీలిపోయారు. ఇంగ్లండ్‌లో ఒక మేనేజర్ (అక్కడ జట్టు ప్రధాన కోచ్‌ని అలాగే పిలుస్తారు) ఉద్యోగం ఊడిందంటే చాలు, ఇక్కడ మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టులో పంచాయితీ మొదలు. ప్రాక్టీసు అయ్యాక బూట్ల లేసులు విప్పుకుంటూ నన్నూ అందులోకి లాగుతారు. పిల్లలకి ఆట నేర్పడం వేరు, కోట్ల పౌండ్ల జట్టుని నడపడం వేరు, కాదనను. అయినా కోచ్ పని ఎలా ఉంటుందో రోజూ చూస్తున్నవాణ్ని కాబట్టి, ఈ పంచాయితీల్లో తరచూ దొర్లే మాటల మీద నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అపోహ: అందరి నోటా నానుతున్న పేరే ఖాయం.

వాస్తవం: 2024 జనవరిలో యుర్గెన్ క్లాప్ లివర్‌పూల్ వదిలేస్తున్నానని ప్రకటించగానే మా కుర్రాళ్లు షాబీ అలోన్సోకి పట్టం కట్టేశారు. మనవాళ్లనేముంది, లోకమంతా అదే మాట. పాత లివర్‌పూల్ ఆటగాడు, పైగా ఆ సీజన్‌లో లెవర్కూసెన్‌ని ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జర్మన్ లీగ్ ఛాంపియన్ చేస్తున్నవాడు. మార్చి నెలాఖరులో ఆయన ‘నేను ఇక్కడే ఉంటున్నా’ అని చెప్పేశాడు. చివరికి నెదర్లాండ్స్ క్లబ్ ఫెయెనూర్డ్ నుంచి ఆర్నె స్లాట్ వచ్చాడు. ‘ఆడెవుడు?’ అన్నాడు మా గోల్‌కీపర్. 1996లో జపాన్ నుంచి వెంగర్ వచ్చినప్పుడు లండన్‌లో ఆర్సెనల్ అభిమానులదీ ఇదే ప్రశ్న. వెంగర్ 22 ఏళ్లు పాతుకుపోయాడు, స్లాట్ మొదటి సీజన్‌లోనే లీగ్ గెలిచాడు.

ఇక పందేల రేట్లు చూసి వేసే ‘ఫేవరెట్’ జాబితాలు. కొత్త మేనేజర్ ఎవరన్నదాని మీద నడిచే పందెం చాలా చిన్నది. కొద్దిపాటి డబ్బు పడినా రేటు కదిలిపోతుంది. రేటు కదిలిందన్నది మర్నాడు వార్త అవుతుంది, ఆ వార్త చూసి ఇంకొందరు అటే పందెం కాస్తారు. ఏజెంట్లు తమ మనిషికి ఉన్నచోటే జీతం పెంచుకోవడానికి పేరు బయటికి వదలడం కూడా మామూలే. (ఆన్‌లైన్ పందేల్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. ఆ జోలికి పోకండి.)

పైడితల్లి జాతరలో ఊరేగించే సిరిమానుకి కావలసిన చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందని మన నమ్మకం. క్లబ్బుకి అలా చెప్పేవాళ్లెవరూ ఉండరు. సీటు ఖాళీ కాకముందే జాబితా రాసుకుని, ఒక్కొక్కరి కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, విడిపించాలంటే ఎంత కట్టాలి, వెంట ఎంతమంది సిబ్బందిని తెచ్చుకుంటాడు అని చూసుకోవాలి. గ్రాహమ్ పాటర్ కోసం 2022లో చెల్సీ బ్రైటన్‌కి 2 కోట్ల పౌండ్లకు పైగానే చెల్లించింది. ఏడు నెలలు తిరక్కుండానే పంపించేసింది.

అపోహ: ‘ఎక్కడికీ వెళ్లను’ అని వారం తర్వాత వెళ్లిపోయినవాడు మోసగాడు.

వాస్తవం: కాంట్రాక్టులో ఉన్న మేనేజర్‌ని అతని క్లబ్ అనుమతి లేకుండా సంప్రదించకూడదని ప్రీమియర్ లీగ్ నిబంధనే ఉంది. అందుకే బేరం మధ్యవర్తుల ద్వారా నడుస్తుంది. మైకు ముందు ఆయన వేరేగా ఏం చెప్పగలడు? రేపు మ్యాచ్ ఆడాల్సిన డ్రెస్సింగ్ రూమ్ కూడా ఆ మాట వింటుంది.

అపోహ: గొప్పగా ఆడినవాడే గొప్పగా ఆడించగలడు.

వాస్తవం: ఇది మనవాళ్లే అంటుంటే నాకు చిరాకు. మన హైదరాబాద్ రహీమ్ సాబ్ స్కూలు మాస్టారు. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 ఒలింపిక్స్‌లో సెమీస్‌కి వెళ్లింది. తండ్రి చెప్పుల ఫ్యాక్టరీలో సేల్స్ పని చేసిన సాకీ, ఇటలీ క్లబ్ మిలాన్‌కి 1989లో, 1990లో యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల అతి పెద్ద కప్పు, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచిపెట్టాడు. నాగెల్స్‌మన్ మోకాలు దెబ్బతిని 20 ఏళ్లకే ఆట మానేసి, 28 ఏళ్లకి హోఫెన్‌హైమ్ కోచ్ అయ్యాడు. మరోపక్క థియెరీ హెన్రీ అంతటి ఆటగాడు కోచ్‌గా మొనాకోలో నాలుగు నెలలు నిలవలేకపోయాడు. జిడాన్ వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలవలేదా అంటారు. గెలిచాడు. ఆట తెలిసినవాడు, దాన్ని ఇంకొకడి చేత చేయించగలిగినవాడు కూడా అయ్యాడు. ఆ రెండోది అందరికీ అబ్బదు.

అపోహ: మంచి కోచ్ అయితే ఏ జట్టుకైనా సరిపోతాడు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది ఇక్కడే. రూబెన్ అమోరిమ్ 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వచ్చాడు. గోల్ ముందు మధ్యలో కాపు కాసే ముగ్గురు స్టాపర్లు, చెరో పక్క లైన్ వెంట ముందుకీ వెనక్కీ పరిగెత్తే ఒక వింగ్‌బ్యాక్, ఇదీ పోర్చుగల్‌లో స్పోర్టింగ్‌ని లీగ్ ఛాంపియన్ చేసిన ఆయన పద్ధతి. చేతికొచ్చిందేమో నలుగురి డిఫెన్స్‌కీ, పక్కల నుంచి దాడి చేసే వింగర్లకీ కూర్చిన జట్టు. ఆ సీజన్ యునైటెడ్ 20 జట్ల లీగ్‌లో 15వ స్థానంలో ముగించింది.

దీని కష్టం గ్రౌండ్ మీద చూస్తేనే తెలుస్తుంది. మా అండర్-17 కుర్రాళ్లని ఇలాగే మార్చి ఆడించాను. రైట్ బ్యాక్ ఆడేవాడు, బంతి ఎడమ పక్కనున్నప్పుడు అలవాటుకొద్దీ మధ్యలోకి జరిగి స్టాపర్ పక్కనే నిలబడతాడు. అక్కడ ఇప్పటికే మనిషి ఉన్నాడు. అవతలివాళ్లు బంతిని ఒక్క పొడుగు పాస్‌తో ఇటు తిప్పగానే లైన్ పక్కనంతా ఖాళీ. స్టాపర్ అటు పరిగెడితే మధ్యలో సందు. గోల్ పడ్డాక ఒకరినొకరు చూసుకుని ‘నువ్వెళ్లాలి కదేటి!’ అనుకోవడం. నోటితో చెబితే అందరికీ అర్థమైంది, కాళ్లకి అర్థమవడానికి వారాలు పట్టింది. మాకు మ్యాచ్‌లు తక్కువ, రోజూ ప్రాక్టీసు ఉంది. గురువారం యూరప్‌లో, ఆదివారం లీగ్‌లో ఆడే జట్టుకి మధ్యలో మిగిలేది విశ్రాంతి, కాసేపు వీడియో. కొత్తది నేర్పడానికి రోజేదీ?

అపోహ: ఓనర్‌కి నచ్చినవాడు వస్తాడు, వచ్చినవాడు తనకి కావలసిన ఆటగాళ్లని కొనిపిస్తాడు.

వాస్తవం: 1936 ఇంగ్లండ్ టూర్‌కి మన సంస్థానం రాజకుమారుడు విజ్జీ గారు ఇండియా క్రికెట్ కెప్టెన్ ఎలా అయ్యారో ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. కాబట్టి పలుకుబడి సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే ఇప్పటి పెద్ద క్లబ్బుల్లో స్పోర్టింగ్ డైరెక్టర్ అనే మనిషి ఉంటున్నాడు. ఆటగాళ్ల కొనుగోలు చాలావరకు ఆయనదే, కోచ్ ఎంపికలోనూ ఆయన మాట నడుస్తుంది. స్లాట్ వచ్చిన వేసవిలో లివర్‌పూల్ తెచ్చినవాళ్లలో ఆ సీజన్ ఆడటానికి వచ్చినవాడు ఒక్క కియేసా. లీగ్ గెలిచింది క్లాప్ వదిలి వెళ్లిన జట్టే. స్లాట్ ఆట తీరు ఆ జట్టుకి ఎలాగూ దగ్గరగానే ఉంది, అందుకే ఆయన్ని తెచ్చారు. మనం పేరు గురించి కొట్టుకుంటాం, వాళ్లు ఉన్న జట్టు చూసి మనిషిని వెతుకుతారు.

అపోహ: కోచ్‌ని మార్చగానే జట్టు లేచి కూర్చుంటుంది.

వాస్తవం: లేస్తుంది, కానీ చాలాసార్లు మార్చకపోయినా లేచేదే. మేనేజర్‌ని తీసేది జట్టు బాగా దిగజారినప్పుడు. అక్కడి నుంచి కొంత కోలుకోవడం సహజం. 1986 నుంచి 2004 దాకా నెదర్లాండ్స్ లీగ్‌ని తీసుకుని ఒక ఆర్థికవేత్త లెక్కలు కట్టాడు. కోచ్‌ని తీసేసిన జట్లూ, అంతే దిగజారినా కోచ్‌ని ఉంచుకున్న జట్లూ దాదాపు ఒకే తీరుగా కోలుకున్నాయి. యునైటెడ్‌కి తాత్కాలిక మేనేజర్‌గా వచ్చిన సోల్షాయర్ 2018 చివర్లో మొదటి 8 మ్యాచ్‌లూ గెలిచేసరికి మా కుర్రాళ్లు పండగ చేసుకున్నారు. మార్చిలో ఉద్యోగం పర్మినెంట్ అయింది, సీజన్ ముగిసేసరికి యునైటెడ్‌ది 6వ స్థానం.

అపోహ: కప్పు గెలిస్తే సీటు పదిలం.

వాస్తవం: డి మాటియో 2012 మే నెలలో చెల్సీకి ఛాంపియన్స్ లీగ్ తెచ్చాడు, నవంబర్‌లో ఇంటికి పంపారు. లీగ్ గెలిచిన ఏడాదిలోపే లెస్టర్ రానియెరిని తీసేసింది. 2025 మేలో యూరోపా లీగ్ గెలిచిన పోస్టెకోగ్లూని జూన్‌లో టాటెన్‌హామ్ సాగనంపింది. లీగ్‌లో జట్టు 17వ స్థానంలో ఉండటమే కారణం.

అపోహ: టైమ్ ఇస్తే ఎవరైనా ఫెర్గూసన్ అవుతారు.

వాస్తవం: 1986 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా చేరిన ఫెర్గూసన్ మొదటి ట్రోఫీ 1990లో, మొదటి లీగ్ 1993లో గెలిచిన మాట నిజమే. అయితే ఆ మధ్యకాలంలో ఆయన కుర్రాళ్లని వెతికే వ్యవస్థని పూర్తిగా తిరగరాశాడు. టైమ్ దానికి దొరికింది. ఆయన వారసుడు మోయెస్‌కి ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు, పది నెలలకి తీసేశారు.

కొత్తవాడొచ్చిన మూడో నెలలో నేను స్కోరు పట్టించుకోను. బంతి పోయిన మొదటి ఐదు సెకన్లు చూస్తాను: దాని మీదికి ఎంతమంది వెళ్తున్నారు, వెనకవాళ్లు వాళ్లతో పాటు ముందుకు జరుగుతున్నారా లేక అక్కడే నిలబడి చూస్తున్నారా. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి ఇది సరిగ్గా కనిపించదు. గోల్ కిక్ తీసేటప్పుడు మాత్రం మొత్తం జట్టు ఎక్కడెక్కడ నిలబడిందో చూపిస్తారు. అప్పుడు టీ తాగడానికి లేవకండి.