దేవుడు పలికితే భక్తుడు ఏమివ్వాలి? రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పూజారి నియమాల వెనుక కథ

బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఒక తగువు యాభై ఏళ్లుగా తెగడం లేదు. పూజారి పాత్ర మొరపెట్టుకుంటే దేవుడు ఎప్పుడు పలకాలి? అది పాచిక తేల్చాలా, ఆట నడిపే గేమ్ మాస్టర్ తేల్చాలా? పలికినందుకు భక్తుడు ఏమిచ్చుకోవాలి? ప్రాచీన ప్రపంచంలో సాగే ఆటల్లో దీన్ని దాటవేసే వీల్లేదు. అక్కడ గుడికి తెలియకుండా యుద్ధం జరగదు, పంట చేతికి రాదు.

మొదలు 1974లో, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో. అందులోని 'క్లెరిక్' అనే పూజారి పాత్ర అంతకుముందే ఆర్నెసన్ మినెసోటాలో నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో పుట్టింది. సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి ఎవరికీ లొంగకుండా తయారైతే, వాడికి పోటీగా ఒక మతగురువును దించారు. అంటే ఈ పూజారిని తెచ్చింది భక్తి కాదు, బలాబలాలు సరిచేయాల్సిన అవసరం. అందుకే తొలి నియమాల్లో పిశాచాలను తరిమే పట్టిక ఉంది, పదునైన ఆయుధం పట్టకూడదన్న కట్టడి ఉంది, ఏ దేవుణ్ణి కొలుస్తున్నాడన్నది మాత్రం లేదు.

దేవతలు 1976లో వచ్చారు, ఒక అనుబంధ పుస్తకంలో. గ్రీకు, ఈజిప్టు, నార్స్ దేవతల పక్కన మన ఇంద్రుడూ వరుణుడూ ఉన్నారు. ఒక్కొక్కరికీ ఎన్ని దెబ్బలకు పడిపోతారో అంకె కూడా వేశారు. పాత్రలకు హద్దుల్లేని బలం కట్టబెట్టే వాళ్లకు కళ్లు తెరిపించాలన్నది ప్రచురణకర్తల ఉద్దేశం. కానీ అంకె వేశాక దేవుడు కూడా ఓడించదగ్గ శత్రువే అయిపోతాడు. 1979 నాటి గైగాక్స్ నియమాలు కొంత సర్దాయి. చిన్న మంత్రాలు పూజారి సాధనతోనే వస్తాయి, మధ్య స్థాయివి దేవుడి పరివారం ఇస్తుంది, ఆరు, ఏడు స్థాయిలవి దేవుడే ఇవ్వాలి, తప్పు చేస్తే ఇవ్వడు. ఏది తప్పో మాత్రం గేమ్ మాస్టర్ ఇష్టం. ఎన్నో ఆటలు వాదులాటగా మారింది అక్కడే.

అసలు మలుపు అంతకు ఏడాది ముందే వచ్చింది. 1978లో స్టీవ్ పెరిన్, అతని సహచరులు రాసిన 'రూన్‌క్వెస్ట్'ను కేయాసియం సంస్థ ప్రచురించింది. కథంతా గ్రెగ్ స్టాఫర్డ్ కల్పించిన గ్లొరాంథాలో, కంచు యుగం నాటి లోకంలో నడుస్తుంది. అక్కడ దొరికే కంచు చనిపోయిన దేవతల ఎముకలే. ఈ ఆటలో ప్రతి పాత్రకూ 'పవర్' అనే ఆత్మబలం ఉంటుంది. శత్రువు మంత్రాన్ని తట్టుకునేది దానితోనే. దేవుడి మంత్రం కావాలంటే అందులోంచే శాశ్వతంగా కోసి ఇవ్వాలి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు దేవుణ్ణి పిలిచే నియమం ఇంకా గట్టిది. ఒక సాధారణ భక్తుడి పవర్ 14 అనుకుందాం. ఒకటి నుంచి నూరు దాకా పడేలా పాచిక వేస్తాడు. 14 దాటితే ఆకాశం మౌనం. 9 పడితే దేవుడు కాపాడతాడు, కానీ ఆ తొమ్మిదీ పోయి అయిదే మిగులుతుంది. సరిగ్గా 14 పడితే కోరిక తీరుతుంది, భక్తుడు మాత్రం దేవుడిలో కలిసిపోతాడు. ఆ పాచిక దొర్లుతున్నంతసేపూ బల్ల దగ్గర ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో ఈ రంగంలో పుట్టిన అత్యుత్తమ నియమం ఇదే.

ప్రాచీనులు దేవుడితో మాట్లాడిన తీరూ ఇదే. ఇలియడ్ మొదట్లోనే అపోలో పూజారి క్రైసెస్, నీకు గుడి కప్పాను, కొవ్విన తొడలు దహనం చేశాను, ఇప్పుడు నా మొర విను అని లెక్క చెప్పి మరీ అడుగుతాడు. తెలుగునాట ఎక్కువగా వల్లించే తైత్తిరీయ సంహితలోనూ 'దేహి మే దదామి తే' అని ఉంది: నాకివ్వు, నీకిస్తాను. ముడుపు కట్టిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

1979లో రూన్‌క్వెస్ట్ అనుబంధ పుస్తకం 'కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్' దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఒక్కో దేవతకూ పురాణం, పండుగలు, కట్టుబాట్లు, వాటికి తగ్గ మంత్రాలు. మృత్యుదేవుడు హుమాక్ట్ కత్తికి వరాలిస్తాడు, బదులుగా నియమాలు విధిస్తాడు, తన భక్తుణ్ణి చచ్చాక బతికించనివ్వడు. వైద్యదేవత చలానా అరోయ్ చచ్చినవాళ్లనూ లేపగలదు, కానీ ఆమెను కొలిచేవాళ్లు ఏ ప్రాణికీ హాని చేయకూడదు. ఇక ఏది తప్పో గేమ్ మాస్టర్ ఊహించనక్కర్లేదు. అది ఆ దేవత కథలోనే ఉంది.

ఆ తర్వాత బేరం సడలుతూ వచ్చింది. 1984 నాటి రూన్‌క్వెస్ట్ మూడో కూర్పులో సాధారణ భక్తుడు వాడిన మంత్రం మళ్లీ రాదు, పూజారికి మాత్రం గుడిలో ప్రార్థిస్తే తిరిగి వస్తుంది. 2018 కూర్పు ఆ తేడా తీసేసింది. పవర్ ఇచ్చి తెచ్చుకున్న రూన్ పాయింట్లు, అంటే దేవుడి మంత్రాలకు ఖర్చయ్యే బలం, భక్తుడికీ పండుగ పూజల్లో తిరిగి నిండుతాయి. దీనివల్ల పూజారి ప్రత్యేకత తగ్గిన మాట నిజమే. కానీ పండుగ రోజున ఊళ్లో ఉండాల్సిన అవసరం ఆటగాడికి పుట్టింది. దండయాత్ర మధ్యలో గుడికి తిరిగి వెళ్లాలా వద్దా అన్నది నిజమైన సమస్య అయింది. అది మంచి మార్పే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 కూర్పులోనూ దేవుణ్ణి పిలిచే నియమం ఉంది. పదో స్థాయి క్లెరిక్ నూటికి పాచిక వేసి పదిలోపు తెస్తే దేవుడు దిగివస్తాడు. అతను చెల్లించేదల్లా మళ్లీ పిలవడానికి ఏడు రోజులు ఆగడమే.